మీ పెట్టెలో ఉన్న అపురూపమైన పనిముట్టు ఏది? పేరుతో సహా చెప్పండి

చిత్రికపొట్టు (రాజమహేంద్రవరం)
ఆదివారం, ఉదయం 6:50

నిన్న మా ఇంటి తలుపు సరిచేయడానికి ఒక కుర్రాడు వచ్చాడు. సంచిలో రెండు కరెంటు మిషన్లు, ఒక టేపు, ఒక స్క్రూడ్రైవరు ఉన్నాయి. పని శుభ్రంగా చేశాడు. వెళ్లేటప్పుడు వరండాలో గోడకు ఆనించి ఉన్న బాడిసెను చూసి "ఇది మొక్కలకు తవ్వుకోవడానికా అండీ?" అని అడిగాడు. చెక్కపని చేసి బతికే పిల్లవాడే బాడిసెను గుర్తుపట్టలేదు. తప్పు అతనిది కాదు. అతని చేతికి దాన్ని ఎవరూ అందించలేదు, దాని పేరు ఎవరూ చెప్పలేదు. రాత్రంతా అదే ఆలోచన. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

మీ దగ్గరున్న చేతి పనిముట్లలో మీకు ప్రాణంతో సమానమైనది ఒకటి, లేదా మరెక్కడా కనబడనిది ఒకటి చెప్పండి. దాన్ని మీ ఇంట్లో ఏ పేరుతో పిలిచేవారో తప్పకుండా రాయండి. వస్తువు పోయినా మళ్లీ చేయించుకోవచ్చు. పేరు పోతే ఏమని అడిగి చేయించుకుంటాం?

నాది ఆ బాడిసే. తాతయ్యది. గొడ్డలికి అంచు పిడి వెంట నిలువుగా ఉంటుంది, బాడిసెకు పిడికి అడ్డంగా ఉంటుంది. తాతయ్య గొంతుకూర్చుని, దుంగను పాదంతో అదిమిపట్టి, తన వైపుకే చెక్కుకునేవాడు. నాగలి, కాడి, మంచం కోళ్లు, అన్నిటికీ మొదటి రూపం దానితోనే వచ్చేది. రంపం గీత వెంట పోతుంది, అంతే. బాడిసె అలా కాదు, చెక్క పీచు ఎటు వంగితే అటు వంగుతుంది. వంపు తిరిగిన కొమ్మలోంచి మేడి (నాగలికి చేత్తో పట్టుకునే పిడి) తీయాలంటే పీచు తెగకుండా చెక్కాలి. పీచు తెగిన మేడి రెండో ఏడాదే విరుగుతుంది. ఈ పని మిషనుతో చేయడం నేను ఇంతవరకు చూడలేదు.

ఎండాకాలంలో పిడి ఎండి తల వదులైతే, రాత్రి నీళ్ల తొట్టిలో తలకిందులుగా నానబెట్టి పొద్దున్నే వాడేవాడు. నేనూ అలాగే చేస్తున్నాను.

తాపీగుండు (ఖమ్మం)
ఆదివారం, ఉదయం 8:15

నమస్కారం అండీ. నేను ముప్పై ఏళ్లుగా తాపీపని చేస్తున్నాను. నాకు ప్రాణం గుండుదారం. మేము ఊరికే "గుండు" అంటాం. నా గుండు ఇత్తడిది, మా మేస్త్రీ ఇచ్చింది.

చాలామంది గుండు అంటే దారానికి వేలాడే బరువు అనుకుంటారు. అసలు కిటుకు దారం మీద జారే చిన్న కొయ్యబిళ్లలో ఉంది. ఆ బిళ్ల వెడల్పు, గుండు లావు సరిగ్గా ఒకటే. బిళ్లను గోడ పైభాగానికి ఆనించి గుండును కిందికి వదులుతాం. గోడ నిలువుగా ఉంటే గుండు గోడను తాకీ తాకకుండా నిలుస్తుంది. గుండు గోడ మీద వాలి కూర్చుంటే కింది వరుస బయటికి వచ్చినట్టు. గోడకూ గుండుకూ మధ్య సందు కనబడితే కింది వరుస లోపలికి పోయినట్టు. ఆ సందు ఎంతో, తప్పు అంతే. లెక్క వేయనక్కరలేదు, కంటికే కనబడుతుంది.

ఇప్పుడు ఎర్రగీత పడే లేజరు మిషన్లు వచ్చాయి. నేనూ టైల్స్ పనికి వాడతాను, మంచివే. కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో బయటి గోడ మీద ఆ గీత కనబడదు. గుండుకు ఎండా వానా లేవు. గాలి ఒక్కటే శత్రువు, దానికి గుండును బకెట్టు నీళ్లలో ముంచితే ఊగడం ఆగుతుంది.

కొలిమి (సిద్దిపేట)
ఆదివారం, ఉదయం 9:40

చిత్రికపొట్టు గారూ, మీ తాతగారి మీద గౌరవంతోనే ఒక మాట. పిడిని నానబెట్టడం మానండి. నానిన కొయ్య ఉబ్బుతుంది, కానీ చుట్టూ ఇనుము ఉంది కనుక ఉబ్బడానికి చోటు లేక లోపలి పీచు నలిగిపోతుంది. ఎండిన తర్వాత ముందుకన్నా సన్నబడుతుంది. ప్రతి ఏడాదీ ఇంకొంచెం వదులవుతుంది. బాగా ఆరిన తుమ్మ చేవతో కొత్త పిడి వేసి, తలలో ఒక ఆప్పు (బిగింపు చీల) కొట్టండి.

మాది కమ్మరి కుటుంబం. నాన్న చేసిన బాడిసెలు చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఉన్నాయి. ఉక్కు కోసం పాత లారీ కమాను కట్టలు తెచ్చేవాడు. వాటిలో చేవ ఉంటుంది, బరువు మోసి మోసి కూడా తిరిగి లేచే గుణం ఉంటుంది. ఎర్రగా కాల్చి, అంచును మాత్రం నీళ్లలో ముంచి తీసేవాడు. వెంటనే ఇటుక ముక్కతో అంచును రుద్ది తెల్లగా చేసి, కదలకుండా చూసేవాడు. వెనక మిగిలిన వేడి మెల్లగా అంచు వైపు పాకుతుంది. ముందు లేత పసుపు, తర్వాత ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, చివరికి నీలం. కొయ్య చెక్కే అంచుకు ఎండుగడ్డి రంగు దాటి గోధుమలోకి దిగుతుండగా మళ్లీ ముంచాలి. ముందే ముంచితే అంచు పెళుసు, చెక్కలో మేకు తగిలితే పళ్లు రాలుతుంది. నీలం దాకా ఆగితే అంచు మడతపడుతుంది. ఆ రంగు నిలిచేది నాలుగైదు క్షణాలు.

నాకు ఇష్టమైన పనిముట్టు అడిగారు. ఇనుము పెట్టి కొట్టే దాగలి, కొట్టే సమ్మెట అందరికీ తెలిసినవే. నాది పట్టకారు. మా కొలిమి దగ్గర పద్దెనిమిది పట్టకార్లు ఉండేవి, ఒక్కోటి ఒక్కో నోరు. కొడవలికి ఒకటి, గొర్రు మొనకు ఒకటి, గుండ్రటి కడ్డీకి ఒకటి. పట్టు జారితే ఎర్రటి ఇనుము ఎగిరి మీద పడుతుంది. అందుకే కొత్త రకం పని వస్తే నాన్న ముందు పట్టకారు చేసుకుని, తర్వాతే పని మొదలుపెట్టేవాడు.

కొత్తచేయి (విజయవాడ)
ఆదివారం, ఉదయం 10:05

అందరికీ నమస్కారం. నేను ఉద్యోగం చేసుకుంటూ సెలవురోజుల్లో చెక్కపని నేర్చుకోవాలనుకుంటున్నాను. ఒక చిన్న గది ఉంది. ముందుగా ఏవేవి కొనాలి? దుకాణంలో యాభై ముక్కల పెట్టె చూపిస్తున్నారు.

నూలుపోగు (శ్రీకాకుళం)
ఆదివారం, మధ్యాహ్నం 12:30

నేను చెప్పబోయేది ఇనుమూ కాదు, కొయ్యా కాదు. చేప దవడ.

మా జిల్లాలోని పొందూరు ఖద్దరు గురించి వినే ఉంటారు. అక్కడ పత్తిని ఏకడానికి వాలుగ చేప దవడ ఎముకను వాడతారు. అమ్మమ్మ వాడిన ఎముక ఒకటి నా దగ్గర ఉంది. అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఎముక అంచున సూదిమొనల్లాంటి పళ్లు వరుస మీద వరుసగా కిక్కిరిసి ఉంటాయి. గింజతో ఉన్న పత్తిని ఎడమచేత్తో పట్టుకుని, ఈ ఎముకతో దువ్వుతారు. ఆకు నలుసులు, పీచు ముడులు ఎముకకు చిక్కి, పత్తి పోగులు జుట్టు దువ్వినట్టు ఒకే దారిన పడుకుంటాయి. ఆ తర్వాతే చెక్కపలక మీద పెట్టి ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు.

ఇనుప దువ్వెన ఎందుకు పనికిరాదని చిన్నప్పుడు అడిగాను. అమ్మమ్మ రెండూ నా చేతికిచ్చి దువ్వి చూడమంది. ఇనుప పళ్లు పోగును తెంపేశాయి. ఎముక పన్ను ఎంతో కొంత ఒదుగుతుంది, పోగు బిగిస్తే జారనిస్తుంది. నూరో నంబరు సన్ననూలు (నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం) వడకాలంటే ఒక్క పోగు కూడా తెగకూడదు. ఆ దువ్వెనను మనిషి చేయలేదు. కానీ దాన్ని చూసి, ఇది పత్తికి పనికొస్తుందని మొదట ఎవరో పోల్చుకున్నారు. ఎవరో ఒక స్త్రీయే అయి ఉంటుందని నా నమ్మకం, ఎందుకంటే చేపను శుభ్రం చేసిన చేతులూ, పత్తి ఏకిన చేతులూ ఆమెవే.

పాతపెట్టె (నల్లగొండ)
ఆదివారం, సాయంత్రం 4:20

ఈ చర్చ చూసి ధైర్యం చేసి అడుగుతున్నాను. మా తాతయ్య వడ్రంగి. ఆయన పోయి ఇరవై ఏళ్లు. మొన్న అటక సర్దుతుంటే ఆయన పెట్టె దొరికింది. ఉలులు, చెక్క నునుపు చేసే చిత్రిక, మూల సరిచూసే మూలమట్టం, బెజ్జం వేసే బరమా గుర్తుపట్టాను. ఒకటి మాత్రం తెలియడం లేదు.

అది ఉక్కు పలక. జాన పొడవు, రెండు వేళ్ల వెడల్పు, చిటికెనవేలి గోరు వెడల్పంత మందం. దాని నిండా నాలుగు వరుసల్లో రంధ్రాలు. నలభైకి పైనే ఉన్నాయి. ఒక చివర రంధ్రంలో పెన్సిలు దూరుతుంది, రెండో చివర రంధ్రాలు తుప్పుతో మూసుకుపోయాయి కానీ సూదిమొనంత ఉన్నట్టున్నాయి. ఇది ఏమిటో ఎవరైనా చెప్పగలరా?

కొలిమి (సిద్దిపేట)
ఆదివారం, సాయంత్రం 5:00

మేకులకు తల కొట్టే పలక అయి ఉండవచ్చు. ఎర్రగా కాల్చిన కడ్డీని రంధ్రంలో దింపి, పైకి మిగిలిన ముక్కను సమ్మెటతో అణిస్తే తల వస్తుంది. మా దగ్గర ఒకటి ఉండేది. కానీ దానికి నాలుగైదు రంధ్రాలే. సూదిమొనంత రంధ్రంతో కమ్మరికి పని ఉండదు. కనుక నా మాట ఖాయంగా తీసుకోకండి.

దూరతీరం (న్యూజెర్సీ)
ఆదివారం, రాత్రి 8:10

తాతగారు వడ్రంగి అంటున్నారు కనుక, కొయ్యమేకులు చేసే పలక అనుకుంటున్నాను. ఇక్కడి పాత వడ్రంగుల దగ్గర అచ్చం ఇలాంటిదే ఉంటుంది. చదరపు కొయ్యపుల్లను రంధ్రం మీద నిలబెట్టి కొయ్యసుత్తితో కొడితే, రంధ్రం అంచు దాన్ని చుట్టూ చెక్కేసి కిందికి గుండ్రటి మేకుగా దింపుతుంది. ఎన్ని చేసినా అన్నీ ఒకే లావు.

నాది కూడా చెప్పేస్తాను. ఇక్కడ ఇళ్ల ముందు పాత సామాను అమ్ముతుంటారు. అలా దొరికిన తోపుడు స్క్రూడ్రైవరు నాకు చాలా ఇష్టం. పిడిని ముందుకు నొక్కితే లోపలి మెలిక గాడుల వల్ల మొన తనంతట తాను తిరుగుతుంది. మణికట్టు తిప్పనక్కరలేదు. మా ఇంటికి గంటన్నర దూరంలో ఉన్న ఫిలడెల్ఫియాలో, నార్త్ బ్రదర్స్ అనే కంపెనీ వీటిని "యాంకీ" పేరుతో చేసేది. 1946లో ఆ కంపెనీని స్టాన్లీ అనే పనిముట్ల కంపెనీ కొనేసింది. నాది అంతకు ముందుది. మా అమ్మాయి పుస్తకాల అర మొత్తం దానితోనే బిగించాను, బ్యాటరీ అయిపోతుందన్న బెంగ లేకుండా.

ఆకురాయి (బాలానగర్, హైదరాబాద్)
ఆదివారం, రాత్రి 9:35

పాతపెట్టె గారూ, ఊహలకన్నా కొలత మేలు. పలకను కిరోసిన్‌లో ఒక రాత్రి ఉంచండి. తుప్పు వదిలాక ప్రతి రంధ్రాన్ని రెండు వైపులా చూడండి. ఒక వైపు వెడల్పుగా, మరో వైపు ఇరుకుగా ఉందా? రుద్దుడు గీతలు ఏ వైపు ఉన్నాయి? అరిగిన చోటు అబద్ధం చెప్పదు.

నేను ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. నా పనిముట్టు స్క్రేపరు. దుకాణంలో కొన్నది కాదు. అరిగిపోయిన చదరపు ఆకురాయి పళ్లను సానపట్టి తీసేసి, మొనను కొద్దిగా వంపుగా మలిచి చేసుకున్నది. మిషను పలక చదును చేయడానికి వాడతాం. సరిచూసుకునే పలక మీద నీలంరంగు పలచగా పూసి, మన పలకను దాని మీద రుద్దుతాం. ఎత్తుగా ఉన్న చోట్ల నీలం అంటుకుంటుంది. ఆ చుక్కలను మాత్రమే స్క్రేపరుతో గీకాలి. మళ్లీ రుద్దాలి, మళ్లీ గీకాలి. మొదట పెద్ద పెద్ద మచ్చలు నాలుగు కనబడతాయి. మూడు రోజులకు చదరపు అంగుళానికి ఇరవై చుక్కలు వస్తాయి. చేతికి తగిలే పొట్టు గోధుమపిండిలా ఉంటుంది.

మరి ఆ సరిచూసుకునే మొదటి పలకను దేనితో సరిచూశారు? నాకు పని నేర్పిన పెద్దాయన ఈ ప్రశ్న వేసి వారం రోజులు జవాబు చెప్పలేదు. జవాబు: మూడు పలకలు కావాలి. రెండే ఉంటే ఒకటి ఉబ్బుగా, ఒకటి గుంటగా ఉన్నా చక్కగా అతుకుతాయి, మనం మోసపోతాం. మూడింటిని మార్చి మార్చి రుద్దితే, మూడూ చదునైతేనే ఒకదానికొకటి అతుకుతాయి. ఇంగ్లండు ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలో శాస్త్రవేత్తల సభ ముందు ఈ పద్ధతిని వివరించాడు. అంత నిక్కచ్చి కొలత వెనక ఉన్నది ఒక గీకుడు ఉలి, కొంచెం రంగు, ఓపిక గల చేయి.

ఊదుగొట్టం (ప్రొద్దుటూరు)
సోమవారం, ఉదయం 7:30

పాతపెట్టె గారూ, నేను నాన్న పక్కన కుంపటి దగ్గర కూర్చుని పెరిగిన దాన్ని. చదివిన వెంటనే గుర్తుపట్టాను. అది కమ్మచ్చు. కంసాలి పనిముట్టు. బంగారం, వెండి తీగ సాగదీసే పలక.

కడ్డీ చివరను సుత్తితో సన్నగా కొట్టి, రంధ్రం వెడల్పుగా ఉన్న వైపు నుంచి దూర్చుతారు. అవతల బయటపడిన మొనను పట్టకారుతో గట్టిగా పట్టి లాగుతారు. తీగ ఒక పిసరు సన్నబడి, ఆ మేరకు పొడవవుతుంది. తర్వాత దాని పక్క రంధ్రం, తర్వాత ఆ పక్కది. లోహం ఎక్కడికీ పోదు, పొడవులోకి మారుతుంది. 2 మిల్లీమీటర్ల లావున్న మీటరు తీగను 1 మిల్లీమీటరుకు దించితే నాలుగు మీటర్లవుతుంది. మధ్యమధ్యలో కాల్చి మెత్తబరచకపోతే తీగ బిరుసెక్కి పుటుక్కున తెగుతుంది. జారడానికి మైనం రాస్తారు. కరీంనగర్ వెండి తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ తీగ అంతటికీ మొదలు ఇలాంటి పలకే. నాన్న మంచి పద్యం వింటే "కమ్మచ్చులో తీసినట్టుంది" అనేవాడు.

ఇంకో ఆనవాలు చెబుతాను, చూడండి. వాడగా వాడగా రంధ్రం అరిగి పెద్దదవుతుంది. అప్పుడు దాని చుట్టూ సుత్తితో చిన్న చిన్న దెబ్బలు కొట్టి లోహాన్ని మూసుకునేలా చేసి, మళ్లీ సన్నటి మొనతో తెరుస్తారు. కనుక రంధ్రాల చుట్టూ నొక్కులు ఉంటే అది బాగా బతికిన కమ్మచ్చు.

నా సొంత పనిముట్టు పేరులోనే ఉంది. ఊదుగొట్టంతో దీపపు మంటను ఊది టంకం కరిగిస్తాం. ఊపిరి తెగకూడదు. బుగ్గల్లో గాలి నింపి బయటికి తోస్తూ, అదే సమయంలో ముక్కుతో లోపలికి పీల్చాలి. నాకు పట్టుబడడానికి ఆరు నెలలు పట్టింది. నాన్న నా ముందు గ్లాసు నీళ్లు పెట్టి, గడ్డిపోచతో బుడగలు ఆగకుండా ఊదమనేవాడు. ఇప్పుడు గ్యాసు మంట వచ్చింది. సన్నపనికి మాత్రం నేటికీ నా ఊపిరినే నమ్ముతాను.

పాతపెట్టె (నల్లగొండ)
మంగళవారం, రాత్రి 9:00

అమ్మా, మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇంట్లో ఆ మాట విన్నదే లేదు.

ఆకురాయి గారు చెప్పినట్టే కిరోసిన్‌లో ఉంచి కడిగాను. రంధ్రాల చుట్టూ నొక్కులు ఉన్నాయి, చిన్న వరుసల్లో మరీ ఎక్కువ. వెడల్పు వైపున నల్లటి జిడ్డు గట్టిపడి ఉంది. కొంచెం వేడి చేస్తే మెత్తబడింది, మైనం వాసన వచ్చింది.

కానీ ఒక చిక్కు. పెద్ద రంధ్రాలు ఆరింటిలో మైనం లేదు. లేత పసుపు పొడి ఇరుక్కుని ఉంది. పైగా వాటి దగ్గర, ఇరుకు వైపున పలక ముఖం మీద ఏదో తగిలి తగిలి మెరుపెక్కింది. చిన్న రంధ్రాల దగ్గర అలా లేదు.

దూరతీరం (న్యూజెర్సీ)
మంగళవారం, రాత్రి 10:25

తీగ లాగడానికి వెడల్పు వైపు నుంచి దూర్చాలి. కొయ్యమేకు చేయడానికి సరిగ్గా తిరగేసి, ఇరుకు వైపు నుంచి కొట్టాలి. ఇరుకు అంచే కోస్తుంది, కోసిన మేకు కింద వెడల్పు చోటులోకి వదులుగా దిగిపోతుంది. ఆ పసుపు పొడి వెదురు అయి ఉండాలి. ఆ పలకను ఇద్దరు వాడారు, రెండు వైపుల నుంచి వాడారు!

ఆకురాయి (బాలానగర్, హైదరాబాద్)
మంగళవారం, రాత్రి 10:50

సరైన పరిశీలన. ఇంట్లో పెద్దవాళ్లుంటే అడగండి. ఆలస్యం చేయకండి.

అంకుడుకర్ర (అనకాపల్లి)
బుధవారం, ఉదయం 6:30

మధ్యలో నా మాట కూడా. వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక మా పక్కనే. అక్కడి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు కర్రను మర మీద తిప్పుతూ ఉలితో మలుస్తారు. తర్వాత రంగు కలిపిన లక్క పుల్లను తిరుగుతున్న బొమ్మకు ఒత్తిపెడితే, రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. అప్పుడు చేతికి తీసుకునే పనిముట్టు ఏమిటంటే ఎండు మొగలి ఆకు. మడతపెట్టి బొమ్మకు ఆనిస్తే లక్క సమంగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. గుడ్డ పెడితే లక్కకు అతుక్కుంటుంది. మొగలి ఆకు అతుక్కోదు, కాలదు, ముళ్ల అంచు తీసేస్తే గీత పడదు. పూజకు పూరేకు, పనికి ఆకు అంటారు మా వాళ్లు.

చిత్రికపొట్టు (రాజమహేంద్రవరం)
బుధవారం, ఉదయం 7:15

ఇంత సంపద బయటికి వస్తుందని అనుకోలేదు. కొలిమి గారూ, నానబెట్టడం మానేశాను. ఆరిన తుమ్మ చేవ తెచ్చాను, ఆదివారం పిడి వేస్తాను. పాత పిడిని మాత్రం పారేయలేను. తాతయ్య బొటనవేలు ఆనే చోట అందులో గుంట ఉంది. ఆయన చేయి పెద్దది, ఆ గుంటలో నా వేలు ఎప్పుడూ వదులుగానే ఉండేది.

కొత్తచేయి గారూ, యాభై ముక్కల పెట్టె వద్దు. ఒక మంచి రంపం, 6 మిల్లీమీటర్లదీ 20 మిల్లీమీటర్లదీ రెండు ఉలులు, ఒక చిత్రిక, ఒక మూలమట్టం, ఒక సానరాయి. చాలు. మూలమట్టం కొనేటప్పుడు దుకాణంలోనే పరీక్షించండి. తిన్నని చెక్క అంచుకు ఆనించి ఒక గీత గీయండి, మట్టాన్ని తిరగేసి అదే చోట మళ్లీ గీయండి. రెండు గీతలూ ఒకటైతే తీసుకోండి. విడిపోతే పక్కన పెట్టండి. మొదటి నెల ఏమీ చేయకండి, ఉలిని సానపట్టడం నేర్చుకోండి. ముంజేతి వెంట్రుకలు గొరిగేంత పదును వచ్చాకే చెక్క ముట్టండి. మొద్దు ఉలిని బలంతో తోయాలి. బలంతో తోసిన ఉలి ఎక్కడ ఆగుతుందో చెప్పలేం, చేతులు తెగేది అప్పుడే.

బరమా గురించి ఎవరూ రాయలేదు. విల్లు తాడు చుట్టి ముందుకూ వెనక్కూ ఆడించి బెజ్జం వేసేది. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో 7,500 నుంచి 9,000 ఏళ్ల నాటి సమాధుల్లో మనుషుల దవడపళ్లకు తొలిచిన రంధ్రాలు కనబడ్డాయి. తొమ్మిదిమందికి, మొత్తం పదకొండు పళ్లు. చెకుముకి మొన బిగించిన విల్లు బరమాతో తొలిచి ఉంటారని పరిశోధకుల నిర్ణయం. ఇది చదివిన రోజు నా బరమాను తీసి మళ్లీ నూనె రాశాను.

కొత్తచేయి (విజయవాడ)
బుధవారం, రాత్రి 8:40

చాలా కృతజ్ఞతలు. ఒక సందేహం. కరెంటు మిషన్లు అసలు వద్దంటారా?

కొలిమి (సిద్దిపేట)
బుధవారం, రాత్రి 9:20

వద్దని ఎవరూ అనకూడదు. నాన్న నలభై ఏళ్లు సమ్మెట ఎత్తి, చివరి పదేళ్లు కుడిచేత్తో అన్నం కలుపుకోలేకపోయాడు. కరెంటు సుత్తి అప్పుడే ఉండి ఉంటే ఆ భుజం మిగిలేది. మోటు పనికి మిషను పెట్టుకో తమ్ముడూ. రంగు చూసి ముంచే ఘడియ, చుక్క చూసి గీకే చోటు, వాటికి చేయి ఉంచుకో. మిషను దగ్గర చెవులకూ కళ్లకూ రక్షణ లేకుండా మాత్రం కూర్చోకు.

పాతపెట్టె (నల్లగొండ)
ఆదివారం, సాయంత్రం 6:10

నాయనమ్మకు ఎనభై నాలుగేళ్లు. పలక చేతిలో పెట్టాను. వేళ్లతో తడిమి, "ఇది మన పక్కింటి కంసాలి తాతది" అంది. ఆయనకు చూపు మందగించి పని మానేసే రోజున దీన్ని తాతయ్యకు ఇచ్చాడట. "చిన్న కన్నాలు నాకే కనబడటం లేదు, పెద్ద కన్నాలు నీకు పనికొస్తాయేమో చూడు" అన్నాడట. బదులుగా తాతయ్య ఆయనకు టేకు పీట ఒకటి చేసి ఇచ్చాడు. ఆ తర్వాత మా ఇల్లు కట్టేటప్పుడు ద్వారబంధానికి, తలుపులకు వెదురు మేకులన్నీ ఈ పలకలోంచే దింపాడట.

టార్చి వేసి ద్వారబంధం చూశాను. రంగు పొరల కింద గుండ్రటి తలలు నాలుగు మూలలా ఉన్నాయి. ఇన్నేళ్లూ వాటి పక్కనుంచే నడిచాను. రంగు గీకి కాలిపర్‌తో కొలిచాను, 6 మిల్లీమీటర్లు. పలకలో మొదటి వరుస, మూడో రంధ్రం.

ఊదుగొట్టం గారూ, తీగ కూడా తీశాను. ఇంటి వైరింగులో మిగిలిన రాగితీగ. మొదటిసారి మూడో రంధ్రం దగ్గర తెగింది. మీరు చెప్పిన మాట గుర్తొచ్చి గ్యాసు పొయ్యి మీద ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాను, దారంలా మెత్తబడింది. మైనం రాసి, పలకను కిటికీ ఊచలకు ఆనించి, తాతయ్య పెట్టెలోనే ఉన్న చదును నోటి పట్టకారుతో లాగాను. సన్నగా మూలిగినట్టు శబ్దం చేస్తూ వచ్చింది. అవతల చేతికి అందిన తీగ వెచ్చగా ఉంది. ఏడు రంధ్రాలు దాటేసరికి మూర తీగ రెండు మూరలు దాటింది.

నాయనమ్మ అందులోంచి బెత్తెడు ముక్క అడిగి తీసుకుంది. కళ్లజోడు కాడ ఊడిపోతోందని పది రోజులుగా చెబుతోంది. దానికి నా చేతే చుట్టించుకుంది.